ఇంటి చెఱువును చంపి యేటికి పరుగులు

2025 సెప్టెంబరు 8వ తేదీన గండిపేట జలాశయము చెంత ఒక శంకుస్థాపన జరిగినది. గోదావరి నుండి మఱి 20 టీ.ఎం.సీ.ల నీటిని హైదరాబాదు నగరమునకు కొనివచ్చుటకై 7,360 కోట్ల రూపాయల వ్యయముతో తలపెట్టిన పథకమది. టీ.ఎం.సీ. యనగా నూఱుకోట్ల ఘనపుటడుగులు. లీటరులలో చెప్పవలెనన్న 2,800 కోట్లకు పైమాట. ఆ యిరువదింటిలో పదునేడున్నర జనుల దాహమునకనియు, తక్కిన రెండున్నర గండిపేట, హిమాయత్‌సాగరములను నింపి మూసీనదికి జీవము పోయుటకనియు ప్రకటించిరి. ఆ నెల ముగియకమునుపే వానలు కురిసినవి. ఆ రెండు జలాశయములును నిండినవి; గేట్లెత్తక తప్పినది కాదు. 26వ తేదీ రాత్రి మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్సు స్టేషనులోనికి నీరు చొచ్చెను. ప్రయాణికులను వెలికిఁ దెచ్చుటకు రక్షకదళములు దిగవలసివచ్చెను.

ఏ జలాశయములను గోదావరి నీటితో నింపుదుమని నెల మొదట ప్రతిజ్ఞ చేసితిమో, ఆ జలాశయములే నెల చివర వాననీటిని పట్టలేక వదలివేసినవి. ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన నుంచుకొని మా పాఠకులొక్క నిమిషమాలోచింప వలెనని ప్రార్థింతుము. పరిహాసమునకు మేమీ మాట యెత్తుట లేదు. కోటిమందికి పైబడిన జనులు రాబోవు నలువది, ఏబది యేండ్లు ఏ నీరు త్రాగి బ్రదుకవలెనను ప్రశ్న పరిహాసమున తేలునది కాదు. గోదావరి వలదని మేమనము. కృష్ణ వలదని యంతకంటెను అనము. గండిపేటను చంపి గోదావరిని తెచ్చుట యేమి గృహస్థధర్మమని మాత్రమే యడుగుచున్నాము.

ఈ చెఱువులు పుట్టిన కథ నగరవాసులకు క్రొత్తది కాదు గాని, మఱచినట్లు నటించువారు హెచ్చుచున్నందున నొకమాఱు చెప్పక తప్పదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ విరుచుకుపడి సుమారు 15,000 మందిని పొట్టబెట్టుకొన్నది. ఆసుపత్రి యావరణలోని చింతచెట్టెక్కి ప్రాణములు దక్కించుకొన్నవారి వృత్తాంతము నేటికిని ముసలివారు చెప్పుదురు. మరుసటి సంవత్సరము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించిరి. ఆయన ఏటిగట్లను మాత్రమే యెత్తు చేయుమని చెప్పి యూరకుండలేదు. నగరమునకు ఎగువన మూసీకిని, దాని యుపనది యీసీకిని అడ్డుకట్టలు కట్టుడు, వఱదయు ఆగును, దాహమును తీఱును అని యుపదేశించెను. 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము సిద్ధమైనవి. గండిపేట నీరు త్రాగినవాడు హైదరాబాదును విడువలేడను నానుడి యప్పటినుండి పుట్టినదే. నిజాము ప్రభుత్వమును పొగడుట మా వ్రతము కాదు. అయినను ఇంజనీరు మాట విని, ధనము వెచ్చించి, ఒక్క పనితో రెండాపదలను తొలగించిన ఆ వివేకమును కాదనుట సత్యమునకు ద్రోహమగును.

ఇంతకు ఆ చెఱువుల ప్రధానగుణ మేమి? నీరు ఊరికి పైనుండుటయే. గండిపేట నిండుమట్టము సముద్రమట్టమునకు 1,790 అడుగులు. అచ్చటినుండి మూతకాలువలో నీరు తనంతట తాను పల్లమునకు పాఱి ఆసిఫ్‌నగరు వడపోత తొట్లకు చేరును. యంత్రము లేదు, విద్యుత్తు లేదు; భూమి యాకర్షణమునకు మనము బిల్లు కట్టనక్కఱలేదు. మఱి కృష్ణ? నాగార్జునసాగరము నిండుకుండయైనప్పుడే దాని మట్టము 590 అడుగులు. ఈ రెంటికి నడుమ తేడా సరిగా 1,200 అడుగులు. వేయి లీటర్ల నీటిని అంత యెత్తునకు లేవనెత్తుటకు ఒక యూనిట్టు విద్యుత్తు కావలయును. ఇది ప్రకృతి వేసిన సుంకము, దీనికి మినహాయింపు లేదు. యంత్రముల లోపము, నూఱు కిలోమీటరులకు పైబడిన గొట్టములలోని ఒరపిడి దీనికి తోడు. 2021 జనవరిలో గృహస్థులకు నెలకు 20,000 లీటర్ల వఱకు ఉచితమని ప్రారంభించిరి. ఉచితమని చెప్పుట సులభము. ఆ నీటి నెత్తుటకే ఇరువది యూనిట్లకు మించి కాలుచున్నది. ఆ ధనము ప్రజలది కాక మఱెవరిది?

గోదావరి సంగతియు నంతే. ఎల్లంపల్లి నిండుమట్టము 148 మీటరులు, అనగా 485 అడుగులు మాత్రమే. అచ్చటినుండి 180 కిలోమీటరులకు పైగా గొట్టములు వేసి 2015లో మొదటి దశ నీరు తెచ్చిరి. క్రొత్త దశకు ఆధారముగా చూపుచున్న మల్లన్నసాగరము 557 మీటరుల యెత్తున నున్నమాట నిజమే. కాని అందులోనికి నీరు ఆకాశమునుండి పడదు, అదియు ఎత్తిపోసినదే. ఆ జలాశయమునకై వేములఘాటు, ఏటిగడ్డ కిష్టాపురము మొదలగు గ్రామములు నీటిపాలైనవి. అచ్చటి రైతులు పొలమును, పొయ్యిగడ్డను, పెద్దల సమాధులను విడిచి పోయిరి. అట్టి నీటిలో రెండున్నర టీ.ఎం.సీ.లను తెచ్చి, మనమే క్యాచ్‌మెంటు చెఱచి యెండగట్టిన చెఱువులలో పోసి, అందుండి మూసీలోనికి వదలుదుమట! ఇంటి బావిని చెత్తతో పూడ్చి, పొరుగూరి బావి నీటిని బండ్లపై తెచ్చి ఆ చెత్తపై పోయు గృహస్థుని ఊరివారేమందురు?

క్యాచ్‌మెంటు చెఱచుట యనగా నేమో చెప్పవలసియున్నది. 1996 మార్చి 8వ తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 111వ నంబరు ఉత్తరువును జారీచేసినది. ఈ రెండు జలాశయముల చుట్టును పది కిలోమీటరుల మేర, 84 గ్రామములలో, 1,32,000 ఎకరములకు పైబడిన నేలపై మురికి విడుచు పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కిక్కిరిసిన కట్టడములు కూడవని దాని తాత్పర్యము. మరుసటి సంవత్సరమే ఒక ఆముదపునూనె పదార్థముల పరిశ్రమకు ఆ ప్రభుత్వమే మినహాయింపునిచ్చినది. వ్యాజ్యము సర్వోన్నత న్యాయస్థానము వఱకు పోయి, 2000లో ఆ మినహాయింపు చెల్లదని తీర్పు వచ్చినది. త్రాగునీటికి ముప్పు కలుగు ననుమానమున్నచోట, కీడు జరుగదని నిరూపించు భారము పరిశ్రమ పెట్టువానిదే కాని నీరు త్రాగువానిది కాదని ఆ వ్యాజ్యమున తేలినది. భారతదేశపు పర్యావరణ న్యాయమున దీనికొక స్థానము కలదు. గండిపేట పేరు న్యాయగ్రంథముల కెక్కినది గాని గండిపేట గట్టున మాత్రము భవనములు లేచుచునే యున్నవి.

2022 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము 69వ నంబరు ఉత్తరువుతో ఆ నిర్బంధములను తొలగించి, 2023 మేలో మంత్రివర్గము 111ను పూర్తిగా రద్దు చేయ నిశ్చయించినట్లు ప్రకటించినది. చెప్పిన హేతువేమి? నగరమునకు కృష్ణయు గోదావరియు వచ్చినవి, ఈ చెఱువుల నీటిపాలు మిక్కిలి స్వల్పము, కావున వీనిని కాపాడు నిర్బంధములతో పనిలేదు! వాడుట మీరే మానివేయుదురు. వాడుటలేదు గనుక అక్కఱలేదని మీరే తీర్పు చెప్పుదురు. తల్లికి కొన్నాళ్లు అన్నము పెట్టక, చిక్కిపోయినది గనుక ఇక నీమెతో పనియేమని తగవు తీర్చుట యెట్టిదో యిదియు నట్టిదే. ఆ తరువాత ప్రభుత్వము మాఱినది. 2024లో చెఱువుల ఆక్రమణలను కూల్చుటకు ప్రత్యేకసంస్థ యేర్పడి కొన్ని కట్టడములను పడగొట్టినది కూడ. కూల్చుట కనులపండువుగా నుండును. పత్రికలకు చిత్రములు దొరకును. కాని ఒక ప్రక్క పారలతో కూల్చుచు, ఇంకొక ప్రక్క కలములతో కట్టనిచ్చుట వలన చెఱువునకు ఒరిగిన దేమి?

ప్రతిపక్షమువారి వాదమును దాచుట మా పద్ధతి కాదు. మొదటిది, ఈ రెండు చెఱువులు నగరమంతటికి చాలవు. ఒప్పుకొందుము. రెంటిని కలిపిన నిండుసామర్థ్యము ఏడు టీ.ఎం.సీ.లకు కొంచెము తక్కువ. నగరమునకు నేడు సరఫరా యగునది దినమునకు సుమారు 550 మిలియను గ్యాలనులు, అనగా ఏటికి ముప్పదిరెండు టీ.ఎం.సీ.ల దరిదాపు. అయితే ఇంకొక లెక్కయు వేయుడు. నిండిన జంట చెఱువులు కోటి జనమునకు తలకు దినమునకు 135 లీటర్ల వంతున నూటనలువది దినములకు పైబడి యియ్యగలవు. ఆవిరి యగునది, అడుగున బురదలో మిగులునది తీసివేసినను మూడు నెలల గ్రాసము తలవాకిట నున్నదన్నమాట. దండెత్తివచ్చిన శత్రువు కోటను ముట్టడించినప్పుడు కోటలోని బావి యెంత పెద్దదని యెవరును కొలువరు. ఉన్నదా లేదా యని చూతురు.

ముట్టడి యనుట అతిశయోక్తి కాదు. 2015-16 కఱవులో సింగూరు, మంజీర యెండిపోయినవి. ఈ జంట చెఱువులును తడియాఱినవి. సరిగా నప్పుడే కృష్ణ మూడవ దశ, గోదావరి మొదటి దశ అందివచ్చినవి గనుక నగరము గట్టెక్కినది. నదులే లేకున్న నేమయ్యెడిదని దూరపునీటి పక్షమువా రడుగుదురు. న్యాయమే. కాని మఱియొక యేడు ఆ నదులకే చేటు వచ్చినచో? 2023లో వాన తప్పి, 2024 వేసవికి నాగార్జునసాగరము అడుగంటగా, అత్యవసరపు పంపులు పెట్టి నగరమునకు నీరు తోడిరి. అంతకు కొన్ని నెలలకు ముందు, 2023 నవంబరు చివర, రెండు తెలుగు రాష్ట్రముల రక్షకభటులు ఆ యానకట్టపై ముళ్లకంచె నడుమ నుంచుకొని ఎదురుబొదురుగా నిలిచిన దృశ్యమును మన మెవరమును మఱవలేదు. ఎవరి వాటా యెంతయో యిచ్చట తేల్చబోము; ఎగువన మహారాష్ట్రము, కర్ణాటకము కలవు, నడుమ ట్రిబ్యునలు కలదు. తగవులోనున్న నీరు తగవులోనున్న నీరే. ఆ యేడే అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ స్తంభములు క్రుంగినవి. 2024 ఆగస్టు 2వ తేదీన సుంకిశాలలో, సాగరపు అడుగునీటిని నగరమునకు తోడుటకై కట్టుచున్న 2,215 కోట్ల పథకమున, రక్షణగోడ కూలినది. దూరము పెరిగినకొలది తెగుటకు వీలైన చోట్లు పెరుగును. గండిపేట కాలువకు నూఱేండ్లు నిండినవి.

రెండవ వాదము బలమైనది, మా మనస్సును నొప్పించునదియు నదే. 84 గ్రామములవారు ముప్పదియేండ్లుగా నష్టపోయిరి. ప్రక్కయూరిలో ఎకరము కోట్లు పలుకుచుండగా, గీత కీవలనున్న రైతు కూతురి పెండ్లికి అమ్ముకొనబోయిన అఱకొఱ ధర యైనను దక్కుటలేదు. నగరవాసి దాహమునకు పల్లెవాడేల బలి కావలెనని వారడుగుచున్నారు. ఈ ప్రశ్నకు పర్యావరణ మిత్రులు తఱచు మౌనము వహింతురు, మేము వహింపము. బలి కానక్కఱలేదు. నీటిని కాచుట ఒక కూలి. ఆ కూలి యియ్యవలసినది నీరు త్రాగు నగరము. 7,360 కోట్లు గొట్టములకు దొరకిన ఖజానాలో, ఈ గ్రామముల రైతులకు ఏటేట ఎకరమున కింతయని పైర్లకును, బీళ్లకును భృతి యిచ్చుటకు ధనము దొరకదా? న్యూయార్కు నగరము ఎగువనున్న కొండప్రాంతపు రైతులతో 1997లో నొడంబడిక చేసికొని, వారి పొలముల రక్షణమునకు ధనమిచ్చి, అంతకు పలురెట్లు ఖరీదగు వడపోత కర్మాగారమును తప్పించుకొన్నది. ఇచ్చట మాత్రము ఉత్తరువు తీసివేయుటయే రైతునకు మేలని బోధించుచున్నారు. ఉత్తరువు తొలగిననాడు లాభపడునది నాటి రైతా, లేక ఉత్తరువు తొలగునని ముందే యెఱిగి చవుకగా కొని పెట్టుకొన్నవాడా? ఆ 84 గ్రామముల భూములు 1996 తరువాత ఎవరెవరి చేతులు మాఱినవో రిజిస్ట్రేషను కచేరి పుస్తకములు చెప్పగలవు. ఆ పుస్తకములను చదివి వినిపించిన నాడు ఈ చర్చ సగము తెగును.

మనకంటె ముందు ఈ దారి నడచినవారు కలరు. బెంగుళూరు నగరమునకు అర్కావతి నదిపై 1894లో హెసరఘట్ట, 1933లో తిప్పగొండనహళ్లి జలాశయములు కట్టిరి. కావేరి వచ్చినది గదా యని వాని క్యాచ్‌మెంటును ఇండ్లకును, కర్మాగారములకును విడిచిపెట్టిరి. నీరు తగ్గినది, మిగిలినది మురిగినది. నేడు ఆ నగరము వంద కిలోమీటరుల దూరమునుండి కావేరిని వేయియడుగులకు మించిన యెత్తునకు లాగుకొనుచున్నది. 2024 వేసవిలో బోరుబావులెండి, ఖరీదైన భవనములవారును బిందె పట్టుకొని ట్యాంకరుకై నిలిచిరి. చెన్నపట్టణపు సంగతి మనకు మఱింత దగ్గఱిది. మన తెలుగుగంగయే యచ్చటికి పోవుచున్నది. 1983లో నొడంబడిక జరిగి, 1996లో మొదట నీరు చేరినది. ఏటికి పండ్రెండు టీ.ఎం.సీ.లు చేరవలసియుండగా అంతయు చేరిన సంవత్సరములు అరుదు. 2019లో నాలుగు చెఱువులు నెఱ్ఱెలు వాఱి, జోలార్‌పేటనుండి రైలుబండ్లపై నీరు తెచ్చుకొనిరి. ఆ పట్టణమునకు సముద్రమున్నది గనుక ఉప్పునీటిని శుద్ధిచేయు కర్మాగారములైన పెట్టుకొనగలిగినది. హైదరాబాదునకు ఆ దిక్కును లేదు.

ఇక తక్కిన మార్గములు. భూగర్భజలమును గూర్చి చెప్పుటకు మిగిలినదేమియు లేదు; పడమటి పేటలలో వేయియడుగులు తొలిచినను దుమ్ము వచ్చుచున్నది. వాడిననీటిని శుద్ధిచేసి మరల వాడుట యన్నచో మనవారు ముక్కు మూసికొందురు. నమీబియా రాజధాని విండ్‌హోకు 1968 నుండి అట్టి నీటిని త్రాగుచునే యున్నది. సింగపూరు 2003 నుండి దానిని పరిశ్రమలకును, జలాశయములకును పంపుచున్నది. త్రాగుమని మేమెవరిని బలవంతపెట్టము. కాని ఇండ్లు కట్టుటకును, తోటలకును, కార్యాలయముల చల్లని యంత్రములకును గోదావరి నెత్తిపోయుట దేనికి? మురుగునీటి శుద్ధికేంద్రములు ఇటీవల విరివిగా కట్టిరి, మెచ్చుకొందుము. అందు తేఱిన నీరు మరల మూసీ మురుగులోనే కలియుచుండిన ఆ కట్టుటకు సార్థక్యమేమి?

గొట్టముల మాట వేఱు. వేయియడుగులు ఎత్తుకొనివచ్చిన నీరు నేలలోని పాత గొట్టముల పగుళ్లలో జాఱిపోవుచున్నది. పగులు నీటిని వెలికి విడుచుటయే కాదు, మురుగును లోనికి పీల్చుకొనును. దినము విడిచి దినము కుళాయి వదలెడి చోట, నీరు లేని గంటలలో గొట్టము ఖాళీయై ప్రక్క మురుగుకాలువ రసమును త్రాగును. 2009 మేలో భోలక్‌పూరు పేదలు అట్టి నీరు త్రాగి పలువురు మరణించిరి. నూర్లకొలది ఆసుపత్రుల పాలైరి. ఆ నాడు వారి కుళాయిలో వచ్చినది ఏ నది నీరని ఎవరును విచారింపలేదు. ఏ నది యైన నేమి? శంకుస్థాపనలకు దొరకు మంత్రులు పాతగొట్టము మార్చు గోతివద్దకు రారు. గోతిపై ఫలకము నిలువదు గదా!

ఇప్పుడు చేయవలసినదానిని సూటిగా చెప్పుదుము. గోదావరి క్రొత్త దశను కట్టుడు. కాని దానితోపాటు 111వ ఉత్తరువునకు ప్రాణము పోసి శాసనసభలో చట్టముగా చేయుడు. ఒక ప్రభుత్వపు ఉత్తరువును ఇంకొక ప్రభుత్వము రాత్రికి రాత్రి చించివేయగలదని రెండుమాఱులు చూచితిమి. జంటచెఱువులలోనికి వచ్చు వాగులను సర్వే చేసి, మూసివేసిన చోటులను తెఱచి, వాని గట్లను గుర్తింపుడు. నింపదలచిన రెండున్నర టీ.ఎం.సీ.లను గోదావరినుండి గాక ఆ వాగులనుండియే ముందు రప్పింపుడు. చాలకున్నచో నప్పుడు చూతము. 2022లో ప్రధానకార్యదర్శి యధ్యక్షతను వేసిన సంఘమున తేలిన దంతయు, 84 గ్రామముల భూముల క్రయవిక్రయముల జాబితాతో కూడ, తెలుగునను ఉర్దూలోను అచ్చు వేయించి ప్రతి పఠనమందిరమునకు పంపుడు. చదువనేర్చినవారు చదువుదురు, చదువలేనివారికి చదివి వినిపింతుము. వచ్చు వానకాలమున గేట్లెత్తు నాటికైన, వదలివేయుచున్న నీరెంతయో, గోదావరినుండి తెచ్చుచున్న నీరెంతయో ఒకే పలకపై వ్రాసి గండిపేట గట్టున నాటింపుడు.